చెవిలో చెప్పిన అంకె

వేలంపాటలో ఎలా కూర్చోవాలో, ఎప్పుడు చెయ్యెత్తాలో, ఎప్పుడు దించాలో నేను చర్చిలో నేర్చుకున్నాను. పాత నాణేలు అమ్మే వేలంలోకి కూడా ఆ మర్యాదలే మూటగట్టుకుని పోయాను. అంత తెలివితక్కువ పని ఇంకొకటి చేసినట్టు గుర్తులేదు.

డెబ్బైల చివర మేం డెట్రాయిట్ పక్కన ఉండేవాళ్ళం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. రోజంతా మైక్రోస్కోపులో కన్ను పెట్టి రక్తకణాలు చూడటమే నా ఉద్యోగం. గుంటూరు, కృష్ణా వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు ఓ పదిహేను దాకా ఉండేవి. ఆదివారం పొద్దున అమెరికన్ల ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం వాళ్ళ చర్చి బేస్‌మెంట్ మాకిచ్చేవారు. కింద ఒక పక్క బాయిలరు రొద పెడుతుంటే, దానికి పైచేయిగా మేం తెలుగు కీర్తనలు పాడుకునేవాళ్ళం. తర్వాత కోడికూర, అన్నం.

అక్టోబరులో కోత పండుగ. మా వైపు ఊళ్ళలో అయితే వడ్ల బస్తాలు, కోళ్ళు, గుమ్మడికాయలు తెచ్చి కానుకగా పెడతారు. ఆరాధన కాగానే వాటిని వేలం వేసి ఆ డబ్బు చర్చికి ఇస్తారు. ఇక్కడ పెరట్లో కాసిన సొరకాయలు, గోంగూర కట్టలు, ఎవరో పెట్టిన ఆవకాయ సీసా, రెండు మూడు కేకులు. సొరకాయ ఇరవై డాలర్లు పలికేది. పాడుకున్నాయన దాన్ని ఇంటికి తీసుకెళ్ళకుండా మళ్ళీ వేలానికే ఇచ్చేసేవాడు. అలా ఒకే సొరకాయ ముగ్గురికి అమ్ముడుపోయి, చివరికి ఎవరింట్లో పప్పులో పడేదో దేవుడికే తెలియాలి.

ఆ వేలానికి ఇంకో మర్యాద ఉంది. మొదలవక ముందే ఒక్కో ఇంటివాళ్ళూ సంఘపెద్ద దగ్గరికి వెళ్ళి, ఈసారి మేం ఇంతవరకూ ఇవ్వగలం అని చెవిలో చెప్పేవాళ్ళు. ఉద్యోగం ఊడినవాడు ఉంటాడు, అప్పుడే ఊరికి డబ్బు పంపినవాడు ఉంటాడు. పెద్దాయన ఆ అంకెలన్నీ బుర్రలో పెట్టుకుని, ఎవరి పాట ఎక్కడ ఆగాలో అక్కడ గబుక్కున మూడోసారి అనేసేవారు. అందరూ చెయ్యెత్తేవాళ్ళు, ఎవరి పరువూ పోయేది కాదు. ఎవరి అంకె ఎంతో ఆయన ఇంకొకరి దగ్గర ఎన్నడూ నోరు మెదపలేదు.

ఆయన్ని అందరం అన్నయ్య అనేవాళ్ళం. నాకు మాత్రం నిజంగానే అన్నయ్య అనిపించేది. నా పేరు పెట్టి పిలవకుండా చెల్లెమ్మా అనేవారు, మా ఆయన్ని బావగారూ అని ఆటపట్టించేవారు. నాకు నాణేల పిచ్చి పట్టించింది కూడా ఆయనే. ఒకసారి వాళ్ళింట్లో ప్రార్థన కూడిక అయ్యాక, పాత బ్రిటిష్ పెన్నీ ఒకటి నా చేతిలో పెట్టి, ఏమైనా కనిపిస్తోందా అని అడిగారు. రాణిగారి చెవి మీది జుట్టు అరిగిందనీ, పక్కన ఎవరో గోరుతో గీకినట్టు సన్నని గీత ఉందనీ చెప్పాను. ఆయన భూతద్దం తెచ్చుకుని చూస్తే గాని ఆ గీత కనపడలేదు.

"నీది మైక్రోస్కోపు కన్ను చెల్లెమ్మా. వేస్ట్ చేసుకోకు," అన్నారు.

అంతకుముందు నా గురించి ఎవరూ అలా అనలేదు. నాలో ఏదో ఉందని ఒక మనిషి గుర్తించడం ఎంత బావుంటుందో ఆరోజు తెలిసింది. ఇక అక్కడి నుంచి నాకు ఒకటే పట్టుదల. నాణెం చూసి దాని వెల నేను సరిగ్గా కట్టగలనా లేదా తేల్చుకోవాలి. సంపాదన మీద ఆశ కాదు. నా కన్ను నిజమేనా అన్నదే నా బాధ.

బ్రిటిష్ నాణేలే ఎందుకంటే, అమెరికన్ నాణేలకు కొనేవాళ్ళు కోకొల్లలు, ధరల పుస్తకాలు బోలెడు. మా ఊరి హోటళ్ళలో జరిగే వేలాల్లో బ్రిటిష్ సరుకు చిట్టచివర వచ్చేది, సగంమంది కాఫీకి లేచిపోయాక. తెలిసినవాడికి అక్కడ చోటుంది. పైగా చిన్నప్పుడు నా చేతిలో ఆడిన అణాల మీద కూడా ఆ రాజుల తలకాయలే ఉండేవి కదా, వాళ్ళు నాకేమీ కొత్త కాదు.

వేలం కంపెనీవాళ్ళు నెల ముందే కేటలాగు పోస్టులో పంపేవాళ్ళు. వేలానికి రెండు వారాల ముందు వెళితే నాణేలు చేత్తో పట్టుకుని చూడనిచ్చేవాళ్ళు. నేను ప్రతి బ్రిటిష్ నాణెం పక్కనా, కేటలాగులోనే, పెన్సిలుతో నా అంకె రాసుకునేదాన్ని. ముందు ఎత్తుగా ఉన్నచోట్లు చూడాలి, జుట్టు, చెక్కిలి, కనుబొమ్మ, అరుగుదల అక్కడే మొదలవుతుంది. తర్వాత మెరుపు. ఎవరో తోమి తళతళలాడించిన నాణేన్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది, దాని వెల సగానికి పడిపోతుంది. వేలం అయిన కొన్ని వారాలకు ఏది ఎంతకు పోయిందో చెప్పే జాబితా వచ్చేది. దాన్ని నా పెన్సిలు అంకెలతో పోల్చుకుంటూ కూర్చునేదాన్ని, పరీక్ష పేపరు దిద్దుకున్నట్టు.

ఆ రోజుల్లోనే ఒక చలికాలం వెండి ధరకు పిచ్చెక్కింది. మా హెడ్ నర్సు వాళ్ళమ్మ ఇచ్చిన వెండి టీ సెట్టు అమ్మేసింది. పాత నాణేలను గోనెసంచుల్లో తెచ్చి తూకానికి పోశారు, అవన్నీ కరిగిపోయాయి. ఏయే మంచివి వాటిలో పోయాయో అని నేను వారంపాటు ముఖం మాడ్చుకుని తిరిగాను. మా ఆయనకు అది పెద్ద వేళాకోళం.

నేను పాల్గొనని లాట్ల, అంటే వేలానికి పెట్టిన నాణేల దగ్గర నా అంకెలు దాదాపు కరెక్టుగా ఉండేవి. కంపెనీవాళ్ళ అంచనాకన్నా మెరుగు. కానీ నేను ఆశపడి, ఓవర్‌టైమ్ డబ్బు కూడబెట్టుకుని, ఇది నాకు కావాలి అనుకున్న లాటు దగ్గర మాత్రం ఎప్పుడూ ఒక్క మెట్టు తక్కువ పడేది. నా హద్దు నూట అరవై అయితే అది నూట డెబ్బైకి పోయేది. గదిలో ఇంకెవరూ చెయ్యెత్తేవాళ్ళు కాదు. వేలం వేసే ఆయన తన ముందున్న పుస్తకం చూసి, పాట పుస్తకంలో ఉంది అనేవాడు. అంటే రాలేనివాళ్ళు ముందే కాగితం మీద హద్దు రాసి ఇచ్చిన పాట. వాళ్ళ తరఫున ఆయనే పాడతాడు.

ప్రతిసారీ అన్నయ్య నా పక్కనే కూర్చునేవారు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని. వారం ముందు ఆదివారం నా హద్దు ఎంతో ఆయన చెవిలో చెప్పేదాన్ని. ఎందుకు చెప్పేదానివి అని ఇప్పుడు ఎవరైనా అడిగితే ఒకటే చెబుతాను. మా వేలంలో అంతే కదా, హద్దు పెద్దాయనకు చెప్పుకుంటాం. చెప్పుకుంటే మనకో కాపలా ఉన్నట్టు.

అలా నాలుగుసార్లు పోయాక నాకొకటి అనిపించింది. ఆశ పుట్టిన చోట నా కన్ను మసకబారుతోంది. ఇతరుల నాణెం తూచేటప్పుడు ఉన్న నిదానం నాకు కావలసినదాని దగ్గర ఉండటం లేదు. ఇది లోభమే అనుకున్నాను. ఒక ప్రార్థన కూడికలో లేచి, వస్తువుల మీద నాకున్న ఆశ గురించి ప్రార్థన చేయండి అని అందరి ముందూ అడిగాను. అన్నయ్యే మోకరించి ప్రార్థన చేశారు. చెల్లెమ్మ హృదయంలోంచి లోక సంబంధమైన ఆశను తీసివేయి ప్రభువా అని ఆయన అంటుంటే నా కళ్ళంట నీళ్ళు కారాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత వచ్చింది గోతిక్ క్రౌన్. అరచేతిలో సగం ఉండే వెండి నాణెం. రాణిగారు పాతకాలపు కిరీటం పెట్టుకుని, జడ వేసుకుని, పూలపని చేసిన జాకెట్టులో ఉంటారు. అక్షరాలు చర్చి కిటికీల మీద రాసినట్టు వంపులు తిరిగి ఉంటాయి. కొద్దిగానే ముద్రించారు, కాబట్టి ఎప్పుడోగానీ అమ్మకానికి రాదు. చూసే రోజున దాన్ని అరగంట వదల్లేదు. భుజం వెనక వెంట్రుకంత గీత, వెనకవైపు ఒక డాలు మూల నీలంగా మచ్చ. తోమలేదు, గీకలేదు. పన్నెండు వందలు అని రాసుకున్నాను. ఏడాదిన్నర శనివారాలు పనిచేసి దాచిన డబ్బు. ఆ ఆదివారం చర్చి పార్కింగులో మంచు తవ్వుకుంటూ అన్నయ్యకు చెప్పాను.

"పన్నెండు వందలు. అక్కడితో స్టాప్ అన్నయ్యా."

"సరిపోతుందమ్మా. కరెక్ట్‌గా కట్టావు," అన్నారు.

వేలంలో వెయ్యి దాటాక నేనూ పుస్తకమూ మిగిలాం. పన్నెండు వందలకు నా చెయ్యి గాల్లో ఉంది. పన్నెండు వందల యాభై, పాట పుస్తకంలో ఉంది, అన్నాడు వేలం వేసే ఆయన, నా వైపు జాలిగా చూస్తూ. నేను చెయ్యి దించేశాను. అన్నయ్య నా భుజం తట్టి, పోనీలే చెల్లెమ్మా, ఇంకోటి వస్తుంది అన్నారు. కాఫీ కూడా తెచ్చిచ్చారు.

ఆ సాయంత్రమే వేలం కంపెనీలో కేటలాగులు రాసే తెల్లజుట్టు ఆవిడ నన్ను పిలిచింది. నేను కుర్చీలో వదిలేసిన కేటలాగు ఆవిడ చేతిలో ఉంది. నా పెన్సిలు అంకెలన్నీ తిరగేసిందట. బ్రిటిష్ నాణేలకు వెలలు కట్టడానికి శనివారాలు వచ్చి పనిచేస్తావా అని అడిగింది. నా కాళ్ళు నేల మీద ఆనలేదు ఒక్క క్షణం. వెంటనే ఆ పన్నెండు వందల యాభై గుర్తొచ్చింది. కావలసినచోట ఒక్క మెట్టు తక్కువ కట్టే కన్ను నాది, మీ పనికి పనికిరాను అని చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యంగా చూసి, కేటలాగు నా చేతికిచ్చి, మనసు మారితే ఫోన్ చెయ్యి అంది.

మారలేదు. ఇంకొక ఏడాది గడిచింది. ఒకరోజు వదిన, అంటే అన్నయ్య భార్య, ఫోన్ చేసింది. పక్కింట్లో దొంగలు పడ్డారట. అన్నయ్య పనిమీద ఒహాయో వెళ్ళారు. ఇంట్లో నాణేలున్నాయి, ఇన్సూరెన్స్‌వాళ్ళు వెలలతో లిస్టు అడుగుతున్నారు, నువ్వు వచ్చి రాసిపెట్టు అంది.

"మీ అన్నయ్యని అడిగితే రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటారు. నీకైతే తెలుసు గదమ్మా. ఆయన వచ్చేలోపు చేసేద్దాం, సర్‌ప్రైజ్‌గా ఉంటది," అంటూ బిస్కెట్ల డబ్బా తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది.

డబ్బాలో చిన్న చిన్న కవర్లు, ఒక్కోదాని మీద వేలం కంపెనీ అంటించిన లాటు నంబరు. మొదటి కవరు తీయగానే నీలం మచ్చ కనిపించింది. భుజం వెనక గీత ఉందో లేదో చూడటానికి నాకు భూతద్దం అక్కర్లేకపోయింది. తర్వాతి కవరు, ఆ తర్వాతిది. నేను పోగొట్టుకున్న ఐదూ అందులోనే ఉన్నాయి.

వదిన టీ పెట్టడానికి వెళ్ళింది. పాపం, ఆవిడకు ఏమీ తెలియదు. నేను కాగితం తీసుకుని అన్నిటికీ వెలలు రాశాను. క్రౌన్ పక్కన పదిహేను వందలు అని రాశాను, ఏడాదిలో పెరిగింది మరి. టీ తాగి ఇంటికొచ్చి, పాత కేటలాగులన్నీ పరుచుకుని ఆ ఐదు చోట్లా మళ్ళీ చూశాను. నేను తక్కువ కట్టింది ఒక్కటీ లేదు.

అన్నయ్య ఒహాయో నుంచి వచ్చిన ఆదివారం, ఆరాధన అయ్యాక బేస్‌మెంట్‌లో కుర్చీలు మడుస్తుంటే వెళ్ళి అడిగేశాను. బుకాయిస్తారనుకున్నాను. బుకాయించలేదు. మడిచిన కుర్చీ గోడకానించి, నిదానంగా అన్నారు.

"కోపం తెచ్చుకోకమ్మా. బావగారే అడిగారు."

"ఏమని అడిగారు?"

"లే-ఆఫ్‌లు అవుతున్నాయి, ఇల్లు కొనాలి, ఈ నాణేల మీద డబ్బు పోస్తానంటే నేను ఆపలేకపోతున్నాను, మీ మాటైతే వింటది, కొంచెం చూసుకోండి అన్నారు. చూసుకున్నాను."

"మీరు కొనుక్కున్నారు! చూసుకోవడమంటే అదా?"

"ఎవరో ఒకరు పాడాలి కదా చెల్లెమ్మా. మొదట్లో నాకూ భయమే, లాస్ అవుతానేమోనని. కానీ నువ్వు కట్టిన వెల ఒక్కసారి కూడా తప్పలేదు. నీ అంకె మీద ఒక్క మెట్టు వేస్తే చాలు, కళ్ళు మూసుకుని కొనచ్చు."

అరికాలి మంట నెత్తికెక్కింది. నా కన్ను మంచిదని ఈ భూమ్మీద అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయన. తెలిసే, ఆ కన్ను పోయిందని నేను ఏడుస్తుంటే మోకాళ్ళ మీద కూర్చుని ఆమెన్ అన్నారు.

"ఆరోజు ఎవరి ఆశ పోవాలని ప్రార్థన చేశారు అన్నయ్యా? నాదా, మీదా?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుంటూ, "ఆ క్రౌన్ కావాలంటే కొన్న రేటుకే ఇచ్చేస్తాలే. బావగార్ని నాతో ఒక్క మాట చెప్పమను," అన్నారు.

నా శనివారాల డబ్బుతో నేను కొనుక్కోవడానికి బావగారు ఒక్క మాట చెప్పాలట. నేనేమన్నానో ఇక్కడ రాయను. పక్కన గిన్నెలు కడుగుతున్న ఆడవాళ్ళు నీళ్ళు కట్టేసి మరీ విన్నారు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గరాజులో మంచు తోసే పారకు కొత్త పిడి బిగిస్తున్నారు. అడిగాను. ఆయన కూడా బుకాయించలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. దాచవలసిన పనిగా వాళ్ళిద్దరికీ అనిపించనే లేదు.

"ఓ, అదా," అన్నారు. "నేను నో అంటే నువ్వు ఊరుకునేదానివా? ఇంట్లో రోజూ గొడవ. ఇలా అయితే గొడవా లేదు, డబ్బూ పోలేదు. నువ్వు సరదాగా వెళ్ళొచ్చావ్, చెయ్యెత్తావ్, ఇంటికొచ్చావ్. నీకేం పోయిందసలు?"

"నాకు వెల కట్టడం రాదనుకున్నానండీ. ఐదేళ్ళు. ఆవిడ పిలిచి ఉద్యోగం ఇస్తానంటే, నాకు రాదని చెప్పాను."

"అది నువ్వే వద్దన్నావు కదా. నేనేం చేశాను?"

నిజమే, నేనే వద్దన్నాను. ఆయన పిడి బిగించి, పారను రెండుసార్లు నేలకు తట్టి చూసుకున్నారు. మంచి మనిషి అని అందరూ అంటారు. నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అన్నది లేదు. వద్దు అని ముఖం మీద చెప్పి ఉంటే నేను గింజుకునేదాన్ని, పోట్లాడేదాన్ని, రెండురోజులు మాట్లాడటం మానేసేదాన్ని. కానీ నన్ను నేను తక్కువ కట్టుకునేదాన్ని కాదు. ఈ మాట ఆయనకు రెండు మూడు రకాలుగా చెప్పి చూశాను. పాతదంతా ఎందుకు తవ్వుతావు అన్నారు.

మర్నాడు తెల్లజుట్టు ఆవిడకు ఫోన్ చేశాను. ఆరునెలల క్రితమే వేరే మనిషిని తీసుకున్నామని, నా కోసం చాలాకాలం చూశామని చెప్పింది. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

బావగార్లిద్దరి స్నేహానికి మాత్రం ఏమీ కాలేదు. మరుసటి ఆదివారం కాఫీ కప్పులు పట్టుకుని బాయిలరు పక్కన నిలబడి బ్యాంకులు జప్తు చేసిన ఫోర్‌క్లోజర్ ఇళ్ళ గురించి మాట్లాడుకున్నారు. నేను దగ్గరికి వెళితే ఇద్దరూ కొంచెం జాగ్రత్తగా నవ్వేవారు, కుక్క కరుస్తుందేమో అన్నట్టు. క్రౌన్ నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు.

ఆ వసంతంలో ఒక శనివారం పొద్దున్న బయటికి వెళ్ళొస్తానని చెప్పి, ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుని వేలానికి వెళ్ళాను. ఎవరి చెవిలోనూ ఏమీ చెప్పలేదు. ఒక పాత హాఫ్ క్రౌన్ మీద నాలుగు వందల యాభై రాసుకున్నాను, నాలుగు వందలకే నాదైంది. పుస్తకంలో పాట లేదు. కవరు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. దాచుకోవాలనిపించలేదు. టేబుల్ మీద పెట్టాను.

మా ఆయన పేపరు పక్కన పెట్టి, నాణెం తిప్పి చూసి, "ఎంతయింది?" అని అడిగారు.

"నూట యాభై," అన్నాను.

పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయనకు నేను చెప్పిన మొదటి అబద్ధం అది. "చవగ్గానే వచ్చిందే," అని ఆయన మళ్ళీ పేపరు తీసుకున్నారు. రసీదు చూపించమనలేదు, నా ముఖం వైపు కూడా చూడలేదు. ఆయన నా మాట అంతలా నమ్ముతారని నాకు ఆరోజే తెలిసింది.